ఒళ్లో చంటిబిడ్డ, ముందు పండగ సీజన్: ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే కొత్త తల్లికి సమగ్ర మార్గదర్శి

ఇంట్లో కూర్చుని చీరలు అమ్మే ఆడవాళ్లు మన ఊళ్లలో ఇప్పుడు వీధికొకరు కనిపిస్తారు. మంగళగిరి నుంచో, గద్వాల నుంచో, పోచంపల్లి నుంచో సరుకు తెప్పించుకుని, ఫోన్‌తో ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నారు. వీళ్లలో చాలామంది ఈ పనికి దిగేది బిడ్డ పుట్టాకే. ఉద్యోగం మానేయాల్సి వచ్చి కొందరు, చేతిలో సొంత డబ్బు ఆడుతూ ఉండాలని కొందరు. సరిగ్గా అప్పుడే శ్రావణమో దసరానో వచ్చి పడుతుంది. బిడ్డకు పాలివ్వాలి, ఇంట్లో పూజకు అన్నీ అమర్చాలి, ఫోన్‌లో ఆర్డర్లు చూసుకోవాలి.

నేను గట్టిగా నమ్మే మాట ఒకటి ముందే చెప్పేస్తాను. బిడ్డ మొదటి ఏడాదిలో అన్ని పండగల మీదా వ్యాపారం చేయాలని చూడకండి. రెండు సీజన్లు ఎంచుకోండి. వాటికే సిద్ధం కండి. మిగతా పండగలు మీ ఇంటి పండగలుగానే ఉండనివ్వండి. ఆ రెండూ ఎలా ఎంచుకోవాలి, ఎంత సరుకు తేవాలి, ఎప్పుడు ఆపేయాలి అన్నదే ఈ మార్గదర్శి.

మొదటి అడుగు: ఒళ్లు కోలుకునేదాకా దుకాణం మూసే ఉంచండి

కాన్పయ్యాక కనీసం ఆరు వారాలు వ్యాపారం ఊసెత్తకండి. సిజేరియన్ అయిన వాళ్లను బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తవద్దని డాక్టర్లు చెప్పేది దాదాపు ఈ ఆరు వారాల గురించే. ఇరవై నేత చీరల మూట పది కిలోల దాకా తూగుతుంది. కొరియర్ అబ్బాయి గుమ్మంలో పడేసి వెళ్లిన మూటను లోపలికి లాగే పని మీది కాకూడదు.

ఉద్యోగం చేసే తల్లికి చట్టప్రకారం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. సొంత వ్యాపారం చేసుకునే తల్లికి ఆ సెలవు ఇచ్చేవాళ్లెవరూ లేరు. కాబట్టి గర్భంతో ఉన్నప్పుడే లాభంలో కొంత పక్కన పెట్టుకుంటూ, మూసేసిన నెలలకు సరిపడా డబ్బు మీరే సమకూర్చుకోవాలి. తొలికాన్పుకి పుట్టింటికి వెళ్లేవాళ్లు మిగిలిన సరుకును వెళ్లేముందే తక్కువ లాభానికైనా అమ్మేయడం మంచిది. అత్తగారింట్లో బీరువాలో సరుకు, పుట్టింట్లో మీరు ఉంటే ప్రతి ఆర్డరుకీ ఎవరో ఒకరిని ఫోన్‌లో బతిమాలుకోవాలి. బాలింతకు ఆ టెన్షన్ వద్దు.

మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉండేవే. అవి రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్రపట్టే వీలున్నా పట్టకపోతే, బిడ్డ మీద మనసు నిలవకపోతే డాక్టరుకు చెప్పండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరు మీద రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. "వ్యాపారంలో పడితే అదే సర్దుకుంటుంది" అని చుట్టుపక్కల వాళ్లు అంటారు. ఆ మాట నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆపకండి.

రెండో అడుగు: పంచాంగం పక్కన బిడ్డ నెలలు రాసుకోండి

పండగ తేదీలను పోయిన ఏడాది గుర్తుతో లెక్కేస్తే దెబ్బతింటారు. 2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది. 2026లో మే, జూన్ మధ్య అధిక జ్యేష్ఠం వచ్చింది కనుక ఆ తర్వాతి పండగలన్నీ ఆలస్యమయ్యాయి. శ్రావణం ఆగస్టు 13న మొదలు, వినాయక చవితి సెప్టెంబర్ 14, దసరా అక్టోబర్ 20, దీపావళి నవంబర్ 8. సంక్రాంతి మాత్రం ఎప్పటిలా జనవరి మధ్యలోనే.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, ఎడమవైపు ఈ తేదీలు, కుడివైపు అప్పటికి బిడ్డకు ఎన్నో నెలో రాయండి. ఏప్రిల్ 10న పుట్టిన బిడ్డ అనుకుందాం. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు జూలై మధ్యకు అయిపోతాయి. శ్రావణం అమ్మకాలకు సరుకు తేవాల్సింది జూలై మొదట్లో, అంటే బిడ్డకు మూడు నెలలు కూడా నిండనప్పుడు. పద్నాలుగో వారం టీకా ఇంకా వేయించాలి, రాత్రిళ్లు నిద్ర ఉండదు. నన్నడిగితే ఆ తల్లి శ్రావణాన్ని వదిలేయాలి. గ్రూపులో "ఈసారి శ్రావణం సేల్ లేదండి, పాపాయి చిన్నది. దసరాకు కలుద్దాం" అని ఒక్క మెసేజ్ చాలు. నమ్మకమున్న కస్టమర్లు ఎక్కడికీ పోరు.

అదే బిడ్డకు దసరా నాటికి ఆరు నెలలు నిండుతాయి. అయితే ఇక్కడే అన్నప్రాసన ఉంది. మగపిల్లవాడికి ఆరో నెలలోనో ఎనిమిదో నెలలోనో, ఆడపిల్లకు అయిదో నెలలోనో ఏడో నెలలోనో చేయడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. ముహూర్తం పెట్టించే ముందే మీ అమ్మకం తేదీలు ఇంట్లో చెప్పండి. నలభై మంది బంధువులు వచ్చే రోజున లైవ్ సేల్ పెట్టుకోకూడదు కదా. సంక్రాంతికి బిడ్డ తొమ్మిదో నెల దాటుతుంది, పాకుతుంటుంది, తొమ్మిది నెలల టీకా కూడా అప్పుడే. పని చేయగలరు కానీ సరుకు నేలమీద పెట్టలేరు.

ఈ తల్లికి దసరా–దీపావళి కలిపి ఒక సీజను, సంక్రాంతి రెండోది. మీ బిడ్డ పుట్టిన నెలను బట్టి మీ కాగితం వేరుగా ఉంటుంది. రాసి చూసుకుంటే గానీ ఏది వదలాలో తెలియదు. టీకా వేయించిన రోజు, ఆ మర్నాడు మాత్రం ఏ పనీ పెట్టుకోవద్దు. జ్వరం వస్తే బిడ్డ ఒళ్లోంచి దిగదు.

మూడో అడుగు: పండగకు ముందే అమ్ముడైపోయే సరుకు పట్టుకోండి

చీర కొన్నాక ఫాల్ కుట్టించాలి, జాకెట్టు కుట్టించాలి. సీజన్‌లో టైలర్లు పది పదిహేను రోజులు అడుగుతారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా తీసుకోరు. కాబట్టి పండగకు కట్టుకోవాలనుకునే ఆవిడ రెండు మూడు వారాల ముందే చీర కొంటుంది. అంటే పండగ వారం వచ్చేసరికి మీ చేతులు ఖాళీ. మీ ఇంట్లో పూజ మీరు నిమ్మళంగా చేసుకోవచ్చు. చంటిబిడ్డ తల్లికి చీరల వ్యాపారం అనువైనదని నేననడానికి ముఖ్యమైన కారణం ఇదే.

పిండివంటలు దీనికి పూర్తి ఎదురు. అరిసెలు, సకినాలు, జంతికలు పండగకు రెండు రోజుల ముందే కావాలంటారు. మీ ఇంటి వంటలూ ఆ రోజుల్లోనే. వేడి నూనె దగ్గర బిడ్డను ఎత్తుకుని నిలబడలేరు. రిటర్న్ గిఫ్టులదీ అదే బాధ: వ్రతం రేపనగా "ఇంకో పదిహేను కావాలండి" అని ఫోన్ వస్తుంది. వీటిని మొదటి ఏడాది పక్కన పెట్టండి. పిల్లల పట్టులంగాలు మధ్యరకం. కొలతలు, సైజు మార్పిడులు ఎక్కువ కాబట్టి కుట్టినవాటి కంటే లంగా ముక్కలుగా అమ్మడం తేలిక.

నేత చీరల్లో ఇంకో సంగతి. మగ్గం మీద ఒక పడుగు (నిలువు దారాల వరస) ఎక్కిస్తే అది అయిపోయేదాకా వరసగా ఆ రకం చీరలే వస్తాయి. పండగ దగ్గరపడ్డాక ఫోన్ చేసి "ముదురు ఆకుపచ్చకు ఎర్రంచు కావాలి" అంటే నేతన్న చేయగలిగిందేమీ లేదు. దసరాకు కావాల్సిన రంగులు ఆగస్టులోనే చెప్పాలి. రెడీగా ఉన్న సరుకు తీసుకునేట్టయితే సెప్టెంబర్ మొదటివారానికి మీ ఇంటికి చేరాలి. బతుకమ్మకు తెలంగాణలో ముదురు రంగులు బాగా పోతాయి. సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ కొంటారు కాబట్టి మధ్యరకం ధరలో కాటన్, సెమీ పట్టు ఎక్కువ కదులుతాయి.

నాలుగో అడుగు: చేతికి చిక్కే సమయాన్ని బట్టే లక్ష్యం

నెలకింత సంపాదించాలని ముందు అనుకుని, ఆ తర్వాత టైమ్ వెతుక్కుంటే మీ నిద్ర కరువవుతుంది. ముందు టైమ్ చూడండి. ఒక వారం పాటు బిడ్డ ఎప్పుడు నిద్రపోతోంది, ఎంతసేపు, ఆ సమయంలో ఇంట్లో ఎవరున్నారు అని ఫోన్‌లో రాసిపెట్టుకోండి. అయిదారు నెలల బిడ్డ ఉన్న ఇంట్లో పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట నమ్మకంగా దొరికితే మంచి రోజే.

పనులను కూడా విడగొట్టుకోండి. బిడ్డ భుజం మీద ఉన్నా ఒంటిచేత్తో అయ్యేవి కొన్ని: మెసేజ్‌లకు జవాబులు, ట్రాకింగ్ నంబర్లు పంపడం, స్టేటస్ పెట్టడం. రెండు చేతులూ కావాల్సినవి కొన్ని: ఫొటోలు, మడతలు, ప్యాకింగ్. ఇక సరుకు ఎంచడం, ధర కట్టడం, లెక్కలు రాయడం. వీటికి బుర్ర కూడా కావాలి, కాబట్టి నిద్రమత్తులో చేయకండి. బిడ్డ పడుకున్న గంటలో వాట్సాప్ చూస్తూ కూర్చుంటే ప్యాకింగ్ రాత్రి పదకొండింటికి మిగులుతుంది. ఆ గంట రెండు చేతుల పనికే.

లెక్క ఇలా వేసుకోండి. ఒక చీర అమ్మడానికి ఫొటో, మాటలు, చిరునామా, ప్యాకింగ్ అన్నీ కలిపి 40 నిమిషాలు పడుతుందనుకుంటే రెండు గంటల్లో మూడు చీరలు. దసరా, దీపావళి కలిపి అమ్మకం రోజులు ఇరవై దొరికితే 60 చీరలు. అదీ మీ లక్ష్యం. పక్క గ్రూపులో ఆవిడ మూడొందలు అమ్మిందని తెలిసినా మీ అంకె మారకూడదు. ఆవిడ ఇంట్లో ప్యాకింగ్‌కి ఇద్దరు మనుషులుండొచ్చు, పిల్లలు కాలేజీకి వెళ్తుండొచ్చు.

అయిదో అడుగు: ధర కట్టేటప్పుడు మీ శ్రమను మరిచిపోకండి

ఉదాహరణకు ఒక కాటన్ చీర మీకు 1,100కు పడిందనుకోండి. ఊరి నుంచి తెప్పించిన రవాణా చీరకు 30. కవరు, అట్ట, టేపు 25. కస్టమరుకు కొరియర్ 90. డ్యామేజీలు, తిరిగొచ్చేవి, అమ్ముడుపోక మిగిలేవాటి కోసం 35. మొత్తం 1,280. 1,600కు అమ్మితే మీకు మిగిలేది 320.

ఇప్పుడు "పండగ ఆఫర్ పది శాతం" అన్నారు. ధర 1,440 అయింది. మిగిలేది 160. తగ్గించింది పది శాతమే, కానీ మీ లాభం సగానికి సగం పోయింది. పాత లాభం రావాలంటే రెట్టింపు చీరలు అమ్మాలి, రెట్టింపు పార్సిళ్లు కట్టాలి. కట్టేది మీరే, ఒళ్లో బిడ్డతో. అందుకే కొత్త తల్లి డిస్కౌంట్ జోలికి పోకూడదని నేనంటాను. ఏదైనా ఇవ్వాలనిపిస్తే రెండు చీరలు కలిపి తీసుకుంటే ఒక కొరియర్ ఖర్చు తగ్గిస్తానని చెప్పండి. ఒకే పార్సిల్ కాబట్టి మీకూ పని తగ్గుతుంది.

60 చీరలకు మీ పెట్టుబడి 66,000. ఒక్కసారే పెట్టవద్దు. ముందు 35 తెచ్చి, సగం పైన కదిలాక మిగతావి తెండి. మొదటి సీజనుకు అప్పు చేయవద్దు, ముఖ్యంగా బంగారం తాకట్టు పెట్టవద్దు. పాపాయికి ఒంట్లో బాగోలేక రెండు వారాలు అమ్మకం ఆగినా వడ్డీ ఆగదు. వ్యాపారం నిలదొక్కుకున్నాక అవసరమైతే పూచీకత్తు లేకుండా 50,000 దాకా ఇచ్చే ప్రభుత్వ ముద్ర పథకంలోని శిశు రుణమో, మహిళా సంఘంలో ఉంటే సంఘం ద్వారా వచ్చే రుణమో చూడొచ్చు. వ్యాపారం డబ్బుకు బ్యాంకులో వేరే ఖాతా మాత్రం మొదటి రోజే తెరవండి. డైపర్లు, పాలపొడి, సరుకు డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోతే లాభమెంతో ఎప్పటికీ తేలదు.

కాగితాల గురించి రెండు మాటలు. సరుకు అమ్మకాలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అయితే రాష్ట్రం దాటించి అమ్మితే మామూలుగా ఆ పరిమితితో పనిలేకుండానే రిజిస్ట్రేషన్ కావాలి. హైదరాబాద్ నుంచి విజయవాడకు పంపే చీర కూడా రాష్ట్రం దాటినట్టే. ఇది చాలామంది పట్టించుకోరు. చేనేత, హస్తకళలకు కొన్ని మినహాయింపులున్నాయి, మీకు వర్తిస్తాయో లేదో దగ్గర్లోని అకౌంటెంటును ఒకసారి కూర్చుని అడగండి. చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

ఆరో అడుగు: గ్రూపుకు నియమాలు సీజనుకు ముందే పెట్టండి

మామూలు వాట్సాప్ తీసేసి వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. క్యాటలాగ్, లేబుళ్లు, రెడీమేడ్ జవాబులు, మీరు లేనప్పుడు దానంతటదే వెళ్లే మెసేజ్ అన్నీ అందులో ఉంటాయి. పదేపదే వచ్చే ప్రశ్నలు నాలుగే: ధరెంత, ఉందా, జాకెట్టు ముక్క ఉందా, ఎన్ని రోజుల్లో వస్తుంది. వీటికి జవాబులు ఒకసారి రాసి దాచుకుంటే పాలిస్తూ కూడా ఒక్క వేలితో పంపేయొచ్చు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టుకోవచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్న వాళ్లకే అది అందుతుంది. ఆ సంగతి కస్టమర్లకు చెప్పి సేవ్ చేయించండి.

మీరు అందుబాటులో లేనప్పుడు వెళ్లే మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"నమస్తే అండి. పాపాయి చిన్నది కాబట్టి రాత్రి 8 నుంచి 9 మధ్యే మెసేజ్‌లు చూస్తాను. నచ్చిన చీర కోడ్ పంపి ఉంచండి. డబ్బు ముందు అందిన వారికే చీర పక్కన పెడతాను."

అలా రాస్తే కస్టమర్లు ఏమనుకుంటారోనని భయపడకండి. ఎక్కువమంది ఆడవాళ్లే, పిల్లల్ని పెంచినవాళ్లే. "పాప ఎలా ఉందండీ" అని అడిగి మరీ ఆగుతారు.

ఫొటోలు ఉదయం ఎనిమిది, పది మధ్య కిటికీ పక్కన తీయండి. నేరుగా ఎండ పడితే రంగు మారుతుంది. ప్రతి చీరకూ ఒళ్లు, పైట కొంగు, అంచు దగ్గరగా, జాకెట్టు ముక్క, వెనకవైపు. ఈ అయిదు ఫొటోలుంటే సగం ప్రశ్నలు రావు. ఒకేసారి కూర్చుని పది చీరలకు ఫొటోలు తీసి, కోడ్‌లు వేసి దాచుకోండి. సీజన్‌లో రోజూ ఫొటోలు తీయాల్సిన అవసరం ఉండకూడదు. బిడ్డ ముఖం చూపించి సరుకు అమ్మడం మాత్రం నాకు నచ్చదు. వందలమంది ఫోన్లలోకి వెళ్లిన ఫొటో మళ్లీ వెనక్కి రాదు.

సీజన్‌లో క్యాష్ ఆన్ డెలివరీ వద్దు. తీసుకోకుండా తిప్పి పంపిన చీర మీ చేతికి వచ్చేసరికి పండగ అయిపోతుంది. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ వస్తే అదొక్కటే నమ్మకండి, బ్యాంకు యాప్‌లో జమ అయిందో లేదో చూశాకే పార్సిల్ కట్టండి. నిద్రలేని తల్లి హడావిడిలో ఉంటుందని మోసగాళ్లకు తెలుసు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అడగరు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుండా తీసిన వీడియో ఉంటేనే డ్యామేజీ మార్పిడి అని మొదటే రాసిపెట్టండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా అడుగుతుంటారు. వాళ్ల పగలు మనకు రాత్రి. ఎలాగూ పాలివ్వడానికి లేచాం కదా అని అర్ధరాత్రి వీడియో కాల్‌లో చీరలు చూపించడం మొదలుపెడితే ఉన్న కాస్త నిద్రా పోతుంది. ఫొటోలు పంపి ఊరుకోండి. అక్కడికి 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు కనుక, సుంకం ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోవాలి.

ఏడో అడుగు: ఇంట్లో వాళ్లను అడిగే తీరు

"కాస్త సాయం చేయండి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. గంట, పని రెండూ చెప్పి అడగాలి.

"అత్తయ్యా, పదిహేనో తేదీ నుంచి పన్నెండు రోజులు పొద్దున పదకొండు నుంచి పన్నెండు దాకా బుజ్జిదాన్ని మీ దగ్గర పడుకోబెడతాను. ఆ గంటలో ప్యాకింగ్ అయిపోతుంది. తర్వాత వంట నేను చూసుకుంటాను."

"మరి చవితికి ఉండ్రాళ్లు అవీ ఎవరు చేస్తారమ్మా?"

"చవితి అయ్యాకే మొదలుపెడుతున్నానత్తయ్యా. పండగ రోజు ఫోన్ ముట్టుకోను."

ఆ ఒక్క మాటతో పెద్దవాళ్ల మనసులోని సగం అభ్యంతరం పోతుంది. వాళ్ల బాధ వ్యాపారం మీద కాదు, పండగపూట కోడలు ఫోన్ పట్టుకుని కూర్చుంటుందనే. మాటిచ్చాక నిలబెట్టుకోండి. భర్తకు కూడా పేరుపెట్టి పని అప్పగించాలి: ఆఫీసుకు వెళ్తూ కొరియర్‌లో పార్సిళ్లు ఇవ్వడం, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది బిడ్డను చూసుకోవడం. ఆ గంట బిడ్డ ఆయన బాధ్యత, మధ్యలో మిమ్మల్ని పిలవకూడదు. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేని వాళ్లు, బస్తీలోనో అపార్ట్‌మెంట్‌లోనో రోజుకు రెండు గంటలు వచ్చే అమ్మాయిని ఆ పన్నెండు రోజులకే పెట్టుకోవచ్చు. ఆ జీతం కూడా చీర ధరలో కలపండి.

ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు. కాబట్టి గంటకు మించి దూరంగా ఉండాలంటే పాలు పిండి ఉంచాలి. గది 25 డిగ్రీల దాకా ఉంటే నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. మన ఎండాకాలంలో మాత్రం తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయడమే.

ఎనిమిదో అడుగు: సరుకు ఒక గది, బిడ్డ ఒక గది

చీరల బీరువాలో అందరూ కలరా ఉండలు వేస్తారు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో అవి వద్దే వద్దు. అందులో ఉండే నాఫ్తలీన్ ఆవిరి, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలను చిదిమేస్తుంది, పసికందుల్లో కామెర్లు ప్రమాదకరంగా ముదురుతాయి. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో ముందు తెలియను కూడా తెలియదు. ఆ బట్టల్లో బిడ్డను చుట్టడం మరీ ప్రమాదం. హోల్‌సేల్ దుకాణం నుంచి వచ్చిన మూటలోనూ ఈ ఉండలు ఉండొచ్చు. మూటను బాల్కనీలో విప్పి, తీసిపారేసి, చీరలకు గాలి తగలనిచ్చాకే లోపలికి తెండి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు, లవంగాలు పలచటి గుడ్డలో కట్టి పెడితే సరిపోతుంది.

పాలిథిన్ కవర్లు, గుండుసూదులు, టేపు ముక్కలు, కత్తెర, కవర్లలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు అన్నీ మూతున్న ఒక డబ్బాలో. ప్యాకింగ్ అయ్యాక నేలంతా ఒకసారి ఊడ్చండి. పాకే బిడ్డకు మనకు కనిపించనివి కూడా కనిపిస్తాయి.

తొమ్మిదో అడుగు: 2026 దసరా సీజను, తేదీలవారీగా

ఆగస్టు మొదట్లో రంగులు చెప్పేయండి. సెప్టెంబర్ 5 లోపు మొదటి విడత సరుకు చేరాలి. సెప్టెంబర్ 6 నుంచి 12 మధ్య ఫొటోలు, కోడ్‌లు, ధరలు పూర్తి. 13, 14 తేదీలు వినాయక చవితివి, ఫోన్ పక్కన పెట్టండి.

సెప్టెంబర్ 15 నుంచి 26 దాకా పన్నెండు రోజులు, ఇదే అసలు అమ్మకం. ఎందుకంటే 27 నుంచి మహాలయ పక్షాలు. ఆ పదిహేను రోజులు కొత్త బట్టలు కొనని ఇళ్లు చాలా ఉన్నాయి. అక్టోబర్ 10 అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ, 11 నుంచి నవరాత్రులు. పక్షాలు అయ్యాక కొందామనుకునే వాళ్లకు జాకెట్టు కుట్టించే టైమ్ ఉండదు. ఈ లెక్కనే కస్టమర్లకు సెప్టెంబర్ 15న వివరంగా రాయండి, తొందరపెట్టినట్టు ఉండదు, వాళ్లకూ పనికొస్తుంది. సెప్టెంబర్ 26 రాత్రి తొమ్మిదికి బుకింగ్ బంద్ అని అప్పుడే చెప్పండి. ఆ తర్వాత ఎవరడిగినా "దీపావళి విడతలో ఇస్తానండి" అనాలి. ఒక్కరికి సడలిస్తే నవరాత్రుల్లో కూడా పార్సిళ్లు కడుతూనే ఉంటారు.

పక్షాల రోజుల్లో మిగిలిన పార్సిళ్లు, ట్రాకింగ్, డ్యామేజీలు చూసుకుని, రెండో విడత సరుకు చెప్పి, మధ్యాహ్నం బిడ్డతోపాటు పడుకోండి. కొరియర్లు కూడా సీజన్‌లో ఆలస్యమవుతాయి. దగ్గరి ఊళ్లకు ఆర్టీసీ కార్గో, పల్లెలకు స్పీడ్ పోస్ట్ నమ్మకంగా పనిచేస్తాయి. అక్టోబర్ 10 నుంచి 21 దాకా సెలవు. మళ్లీ 22 నుంచి 31 వరకు దీపావళి విడత, ఆ తర్వాత మూసేయండి. టపాసుల పొగ, చప్పుడు ఉన్న రోజుల్లో బిడ్డను లోపలి గదిలో ఉంచుకుని కూర్చోవడమే పెద్ద పని.

పదో అడుగు: సీజను అయ్యాక

దీపావళి అయిన వారంలో ఒక మధ్యాహ్నం లెక్క తేల్చండి. ఎన్ని చీరలు పోయాయి, చీరకు నిజంగా ఎంత మిగిలింది, ఏ రంగులు మిగిలిపోయాయి, ఎవరు రెండోసారి కొన్నారు. మిగిలిన పట్టు, సెమీ పట్టు చీరల మీద దిగులు వద్దు, కార్తీకంలో పెళ్లిళ్లకు పోతాయి. కాటన్ మిగిలితే ఎండాకాలం దాకా దాచండి. లెక్కతోపాటు ఇంకో రెండు రాసుకోండి: ఆ ఇరవై రోజుల్లో ఎన్ని రాత్రులు పన్నెండు దాటాక పడుకున్నారు, బిడ్డ బరువు సరిగ్గా పెరిగిందా లేదా. రాత్రులు అయిదు దాటితే సంక్రాంతికి 60 చీరలను 40కి తగ్గించండి. హాయిగా గడిచిపోయి, చీరకు మిగులు 300 దాటితే అప్పుడు రోజుకు రెండు గంటలకు ప్యాకింగ్ మనిషిని పెట్టుకుని 80 దాకా వెళ్లొచ్చు. సంక్రాంతి సరుకు రంగులు నవంబర్ 20 లోపు చెప్పాలి, బుకింగ్ డిసెంబర్ 28తో ఆపేయాలి. అప్పటికి బిడ్డ గోడ పట్టుకుని లేవడానికి చూస్తుంటుంది కనుక, ఆ సరుకు రాకముందే కింది అరల్లో ఉన్నవన్నీ పైకి సర్దేయండి.